అయిదూ పదికి రిపోర్టింగ్ అంటే రాత్రా పగలా? పైలట్ల నిద్ర, రోస్టర్ లెక్కలు

అనంతపురం నుంచి దేవనహళ్లి ఎయిర్‌పోర్టుకి పోయి పొద్దున ఆరూ పదికి ఫ్లైట్ పట్టుకోవాలంటే ఏం చేయాలో ఈ ఊర్లో చాలామందికి తెలుసు. రాత్రి పన్నెండున్నరకు కారు మాట్లాడుకోవాలి, హైవే మీద మూడు గంటలు, పెనుకొండ దాటేసరికి వెనక సీట్లో పిల్లలు నిద్రపోయి ఉంటారు, డ్రైవర్ మాత్రం కిటికీ దించుకుని మొహానికి గాలి తగిలించుకుంటూ పోతుంటాడు. ఎట్లో ఒకట్ల చేరి, చెకిన్ అయ్యి, సీట్లో కూలబడి బెల్టు పెట్టుకుంటే చాలు, విమానం లేచేలోపే నిద్ర వచ్చేస్తుంది. రాత్రంతా మేల్కొన్నాం కదా, న్యాయమే.

అదే విమానం ముందర కూర్చున్న ఇద్దరి సంగతి ఎవరూ ఆలోచించరు. ఆరూ పది ఫ్లైట్‌కి పైలట్ గంట ముందు, అంటే అయిదూ పదికి రిపోర్ట్ చేయాలి అనుకుందాం. బెంగళూరులో ఊరికి ఆ చివర ఇల్లుంటే క్యాబ్ మూడున్నరకు వస్తుంది, కాబట్టి లేవాల్సింది రెండు ముప్పావుకి. ఎనిమిది గంటలు నిద్రపోయి లేవాలంటే సాయంత్రం ఆరు ముప్పావుకే పడుకోవాలి. పడుకోవచ్చు, కానీ నిద్ర పట్టదు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య మనిషి ఒళ్లు నిద్రకు ఒప్పుకోదు, రోజు మొత్తంలో మెలకువ గట్టిగా ఉండే టైమ్ అదే, అందుకే ఎంత అలిసిపోయినా ఆ వేళకు పడుకుంటే అటూ ఇటూ దొర్లడమే అవుతుంది. ఇంట్లో పిల్లలుంటారు, పక్కింట్లో టీవీ ఉంటుంది, వీధిలో హారన్లు. తొమ్మిదిన్నరకు కన్ను మూతపడితే అయిదు గంటల నిద్ర. రోస్టర్‌లో, అంటే డ్యూటీ చార్టులో మాత్రం పన్నెండు గంటలో పద్నాలుగు గంటలో 'రెస్ట్' అని రాసి ఉంటుంది, అది అబద్ధమూ కాదు. రెస్ట్ ఇచ్చారు, నిద్ర రాలేదు, అంతే. పైలట్ల అలసట గురించి జరిగే గొడవంతా ఈ తేడా దగ్గరే మొదలవుతుంది.

మన ఒంట్లో రెండు లెక్కలు పక్కపక్కనే నడుస్తుంటాయి. ఒకటి మేల్కొన్న టైమ్ లెక్క, ఎంతసేపు మేల్కొంటే అంత నిద్ర బాకీ పెరుగుతుంది. రెండోది మెదడులో ఉండే గడియారం, ఇది వెలుతురును బట్టి నడుస్తుంది, రాత్రి రెండు నుంచి ఆరు మధ్య ఒంటి వేడిని తగ్గించి మనిషిని నిద్రలోకి లాగుతుంది. తెల్లారిజాము ఈ నాలుగు గంటలకు విమానయానంలో ప్రత్యేకంగా పేరే ఉంది, విండో ఆఫ్ సర్కేడియన్ లో అంటారు. ఈ టైమ్‌లో మేల్కొని ఉన్నా కూడా మెదడు సగం పనే చేస్తుంది, డయల్ మీద నంబర్ కనిపిస్తుంది గానీ దాని అర్థం తలకెక్కడానికి ఆలస్యం అవుతుంది, పక్కనోడు చెప్పింది వినిపిస్తుంది గానీ పట్టదు. మన సీమలో రైతులకు ఇది ఎవరూ సైన్సు చెప్పకుండానే తెలుసు. రాత్రి కరెంట్ ఇచ్చిన రోజుల్లో బుడ్డల చేనుకి నీళ్లు కట్టడానికి రెండింటికి లేచి పోయి, తడి చేత్తో స్టార్టర్ ముట్టుకుని షాక్ కొట్టి పోయినోళ్లు, చీకట్లో పాము మీద కాలేసినోళ్లు ఎంతమందో. పగలు అయితే అదే మనిషి అదే స్టార్టర్ ముందు చెప్పులేసుకుని, చెయ్యి తుడుచుకుని గానీ ముట్టుకోడు. పని తెలియక జరిగినవి కావు అవి, ఆ టైమ్‌లో మెదడు అట్లా ఉంటుంది.

1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక పోలిక ఇచ్చారు, వరుసగా 17 గంటలు మేల్కొన్న మనిషి పనితనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని. ఇరవై నాలుగు గంటలు అయితే దాదాపు 0.1 శాతం. బైక్ నడిపేవాడికి మన దేశంలో లిమిట్ 0.03 అని గుర్తుపెట్టుకుంటే ఇది ఎంత పెద్ద విషయమో అర్థం అవుతుంది. పైలట్‌కి డ్యూటీ ముందు బ్రీత్ టెస్ట్ ఉంది, ఊదితే మందు వాసన దొరికిపోతుంది, నిద్ర చాలలేదు అని చూపించే మిషన్ మాత్రం ఇంతవరకు లేదు. పైగా నిద్ర చాలని మనిషికి తనకు నిద్ర చాలలేదు అని సరిగ్గా తెలియదు, బాగానే ఉన్నాను అంటాడు, నిజంగానే అట్లా అనుకుంటాడు కూడా. అందుకే ఈ విషయాన్ని పైలట్ మనస్సాక్షికి వదిలేయడం కుదరదు, లిమిట్ బయటి నుంచే పెట్టాలి.

మన దేశంలో ఆ లిమిట్లు పెట్టేది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ. ఫ్లైట్ డ్యూటీ టైమ్ లిమిటేషన్స్ అంటారు, పైలట్లు పొట్టిగా ఎఫ్‌డీటీఎల్ అనేస్తారు. ఏడాదిలో 1000 గంటలకు మించి ఎగరకూడదు, ఏడు రోజుల్లో 35 గంటలు దాటకూడదు, ఇట్లాంటివి పాతకాలం నుంచే ఉన్నాయి. వీటిలో లోపం ఏంటంటే ఇవి గంటలు లెక్కపెడతాయి, ఏ గంటలు అని చూడవు. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఎగిరినా నాలుగు గంటలే, రాత్రి రెండు నుంచి ఆరు దాకా ఎగిరినా నాలుగు గంటలే. ఇంకోటి, లెక్కలోకి వచ్చే 'ఫ్లైట్ టైమ్' విమానం కదిలినప్పటి నుంచి ఆగేదాకా మాత్రమే. దానికి ముందు రిపోర్టింగ్, బ్రీఫింగ్, మధ్యలో గ్రౌండ్ మీద గంటల తరబడి వెయిటింగ్, ఇవన్నీ డ్యూటీ కిందకి వస్తాయి. ఇంటి నుంచి క్యాబ్‌లో వచ్చిన గంటన్నర అయితే ఎక్కడా రాదు.

2024 జనవరి 8న డీజీసీఏ కొత్త రూల్స్ తెచ్చింది. వారానికి ఇచ్చే వరుస విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు. రాత్రి డ్యూటీలో ల్యాండింగ్స్ ఆరు దాకా ఉండేవి రెండుకి కుదించారు. రాత్రిలోకి వచ్చే డ్యూటీ అయితే ఎగిరే టైమ్ 8 గంటలు, మొత్తం డ్యూటీ 10 గంటలు. అన్నిటికంటే చిన్నగా కనిపించేది, నిజానికి పెద్దది ఏంటంటే, 'రాత్రి' అనే మాటకి అర్థం మార్చారు. అంతకుముందు రాత్రి అంటే పన్నెండు నుంచి అయిదు దాకా, కొత్త రూల్‌లో పన్నెండు నుంచి ఆరు దాకా.

ఒక్క గంటే కదా అనిపిస్తుంది. కానీ పైన చెప్పిన అయిదూ పది రిపోర్టింగ్ పైలట్‌ని మళ్లీ చూడండి. పాత లెక్కలో ఆయన డ్యూటీ అయిదు దాటాక మొదలైంది కాబట్టి అది పగటి డ్యూటీ, నైట్ లిమిట్లు ఏవీ తగలవు. రెండు ముప్పావుకి లేచిన మనిషి, ఒంటికి అసలు నిద్ర కావాల్సిన నాలుగు గంటల్లో మూడుంపావు గంటలు మేల్కొన్న మనిషి, పుస్తకం ప్రకారం రాత్రంతా నిద్రపోయి వచ్చినట్టు. కొత్త లెక్కలో అదే డ్యూటీ రాత్రి కిందకి వస్తుంది, నైట్ లిమిట్లు వెంట వస్తాయి. ఎయిర్‌లైన్స్‌కి ఇదే ఎక్కువ నొప్పి పుట్టించింది, ఎందుకంటే పొద్దున్నే మొదటి వేవ్ ఫ్లైట్లు చాలా వరకు అయిదూ ఆరూ మధ్యలో రిపోర్టింగ్ ఉండేవే, బిజినెస్ వాళ్లు ఎక్కువ డబ్బిచ్చి కొనే టికెట్లు అవే.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. కడప వైపు నుంచి కువైట్ పోయే జనం ఎంతమందో చెప్పక్కర్లేదు, ఒక్కో వీధిలో రెండు మూడు ఇళ్లలో మనిషి అక్కడ ఉంటాడు. ఆ గల్ఫ్ ఫ్లైట్లు చాలా వరకు రాత్రే పోతాయి, తెల్లారిజాము దిగుతాయి, చెన్నైలోనో హైదరాబాద్‌లోనో బయట ఇంటోళ్లు కారు పెట్టుకుని కళ్లు నులుముకుంటూ నిలబడి ఉంటారు. హైదరాబాద్ నుంచి కువైట్ పోయి అదే పైలట్లు అదే విమానం వెంటనే తిప్పుకుని వస్తే గాల్లో ఉండే టైమే తొమ్మిది గంటలకు అటూ ఇటూ అవుతుంది. రాత్రికి 8 గంటలే అన్నారంటే ఆ ఇద్దరే పోయి రావడం కుదరదు, అక్కడ హోటల్‌లో దించి పడుకోబెట్టి ఇంకో జతతో వెనక్కి తేవాలి, లేదంటే మూడో పైలట్‌ని పెట్టాలి. అంటే ఎక్కువమంది పైలట్లు, హోటల్ బిల్లులు, టికెట్ మీద కొంత భారం. ఎయిర్‌లైన్స్ వ్యతిరేకించడంలో వింత లేదు. కానీ ఆ ఖర్చు ఎవరో ఒకరు కట్టాల్సిందే, ఇన్నాళ్లూ పైలట్లు తమ నిద్రతో కట్టారు.

రూల్స్ 2024 జూన్ 1 నుంచి అమలు అన్నారు, మార్చిలోనే వాయిదా వేశారు. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో పట్టు వదలకపోతే చివరికి రెండు విడతలుగా ఒప్పుకున్నారు, 22 క్లాజుల్లో పదిహేను 2025 జూలై 1 నుంచి, మిగతావి నవంబర్ 1 నుంచి. రాత్రికి సంబంధించిన అసలైనవి రెండో విడతలో ఉన్నాయి. ప్రకటించిన రోజు నుంచి లెక్కేస్తే దాదాపు ఇరవై రెండు నెలల టైమ్.

2025 డిసెంబర్ మొదటి వారంలో ఏమైందో దేశమంతా చూసింది. దేశీయ ప్రయాణికుల్లో అరవై శాతం పైగా మోసే ఇండిగో దగ్గర కొత్త లెక్కకు సరిపడా పైలట్లు లేక ఫ్లైట్లు వందల్లో క్యాన్సిల్ అవడం మొదలైంది, డిసెంబర్ 5 ఒక్కరోజే వెయ్యి దాటాయి. పెళ్లిళ్లకు పోయేవాళ్లు, ఆపరేషన్ డేట్ ఉన్నవాళ్లు, వీసా టైమ్ అయిపోతున్నవాళ్లు ఎయిర్‌పోర్టుల్లో నేల మీద పడుకున్నారు. అదే రోజు డీజీసీఏ ఆ సంస్థకు రాత్రి నిర్వచనం, రాత్రి ల్యాండింగ్ లిమిట్ నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. వారం విశ్రాంతికి బదులు సెలవును చూపించకూడదు అన్న నిబంధనను అందరికీ వెనక్కి తీసుకుంది.

ఆ వారంలో చాలామంది నోట వచ్చిన మాట 'ఈ కొత్త రూల్స్ వల్లే ఇదంతా' అని. ఇది సరైన లెక్క కాదు. పైలట్ అంటే ఇవాళ ఉద్యోగ ప్రకటన వేస్తే రేపు వచ్చేవాడు కాదు, లైసెన్స్ ఉన్నవాడికి కూడా ఆ రకం విమానం మీద టైప్ రేటింగ్ చేయించాలి, లైన్ ట్రైనింగ్ ఇవ్వాలి, క్యాప్టెన్ అయితే వేల గంటల అనుభవం కావాలి. వేరే కంపెనీ నుంచి తెచ్చుకుందామన్నా క్యాప్టెన్‌కి ఏడాది నోటీస్ పీరియడ్ ఉంది. అందుకే ముందుగా తీసుకుని పెట్టుకోవాలి, దానికే ఇరవై రెండు నెలలు ఇచ్చారు. వింటర్ షెడ్యూల్‌లో ఫ్లైట్లు పెంచుతూ పైలట్లను పెంచకపోతే రూల్ ఏదైనా ఎక్కడో ఒక దగ్గర తెగుతుంది. తెగింది రూల్ దగ్గర కాబట్టి రూల్ తప్పుగా కనిపించింది.

ఇంతకీ ఇవన్నీ పట్టించుకోకపోతే ఏమవుతుంది అనేదానికి మన పక్కనే మంగళూరు ఉంది. 2010 మే 22, దుబాయ్ నుంచి అర్ధరాత్రి దాటాక బయల్దేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812, బోయింగ్ 737, అందులో 166 మంది. పొద్దున ఆరు దాటి అయిదు నిమిషాలు, కొండ మీద చెక్కిన టేబుల్‌టాప్ రన్‌వే. కాక్‌పిట్ వాయిస్ రికార్డర్‌లో రెండు గంటల అయిదు నిమిషాల రికార్డింగ్ ఉంటే అందులో గంటా నలభై నిమిషాలు క్యాప్టెన్ నిద్రలో ఉన్నాడు, గురక కూడా రికార్డయింది. దిగే టైమ్‌కి లేచాడు. లేచిన మనిషి వెంటనే పూర్తిగా లేవడు, పావుగంటో అరగంటో మెదడు మీద మబ్బు కమ్మినట్టు ఉంటుంది, స్లీప్ ఇనర్షియా అంటారు, దర్యాప్తు నివేదికలో ఈ మాట ఉంది. విమానం ఉండాల్సిన ఎత్తు కంటే బాగా పైన వస్తోంది. పక్కన ఉన్న ఫస్ట్ ఆఫీసర్‌కి అది తెలుసు, మళ్లీ పైకి పోదాం, గో అరౌండ్ అని ఒకటికి మూడు సార్లు అన్నాడు. క్యాప్టెన్‌కి ఆ మాట వినపడింది గానీ పట్టలేదు. 8033 అడుగుల రన్‌వే మీద దాదాపు 5200 అడుగులు దాటాక చక్రాలు తగిలాయి. 158 మంది పోయారు, ఎనిమిది మంది మిగిలారు. పోయినవాళ్లలో ఎక్కువమంది గల్ఫ్‌లో పని చేసుకుని ఇంటికొస్తున్న వాళ్లు, వాళ్ల కుటుంబాలు. కువైట్ ఫ్లైట్ కోసం ఎదురుచూసే మన కడప ఇళ్ల లాంటివే ఆ ఇళ్లు.

నిద్రపోవడం ఒక్క క్యాప్టెన్ తప్పు అని ఆపేస్తే అక్కడే ఆగిపోతాం. అదే రెండు నుంచి ఆరు మధ్య, చీకటి కాక్‌పిట్, ఆటోపైలట్ నడుపుతోంది, చేసే పని లేదు, అట్లాంటప్పుడు ఎవరికైనా కన్ను మూతపడుతుంది. నాసా వాళ్లు సుదూర ఫ్లైట్ల పైలట్ల మీద చూసి, ప్లాన్ ప్రకారం ఒకరు మేల్కొని ఉండగా ఇంకొకరు తీసిన సగటున 26 నిమిషాల కునుకు పనితనాన్ని 34 శాతం, మెలకువను 54 శాతం పెంచిందని తేల్చారు. చెప్పి, టైమ్ పెట్టుకుని, దిగడానికి బాగా ముందే లేచేలా తీసే కునుకు వేరు, చెప్పకుండా వాలిపోయే నిద్ర వేరు. రెండోది ఎంత దూరం పోతుందో 2024 జనవరిలో ఇండోనేషియాలో బయటపడింది. కెండారి నుంచి జకార్తా పోతున్న బాటిక్ ఎయిర్ ఎయిర్‌బస్‌లో క్యాప్టెన్ అనుమతి అడిగి పడుకున్నాడు, చూసుకోవాల్సిన సెకండ్ పైలట్ కూడా తెలియకుండా నిద్రపోయాడు, 28 నిమిషాలు 153 మంది ప్రయాణికులతో విమానం తనంతట తాను పోయింది, కంట్రోలర్లు పిలుస్తుంటే జవాబు లేదు. ఆ సెకండ్ పైలట్ ఇంట్లో నెల వయసు కవల పిల్లలు ఉన్నారు. నెల పిల్లలు ఇద్దరున్న ఇంట్లో రాత్రి నిద్ర ఎట్లుంటుందో విడమరిచి చెప్పాల్సిన పని లేదు, ఏ రోస్టర్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ గడి ఉండదు.

అమెరికాలో 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది పోయాకే అక్కడ కొత్త విశ్రాంతి రూల్స్ వచ్చాయి, 2014 జనవరి నుంచి అమలు. కానీ సరుకు మోసే కార్గో పైలట్లను అందులోంచి తీసేశారు, ఖర్చు ఎక్కువ అవుతుందని. 2013 ఆగస్టు 14న యూపీఎస్ కార్గో విమానం తెల్లారకముందే బర్మింగ్‌హామ్ రన్‌వే ముందర కొండకు తగిలి ఇద్దరు పైలట్లూ పోయారు. దాని వాయిస్ రికార్డర్‌లో ఆ ఇద్దరూ సరిగ్గా ఈ విషయమే మాట్లాడుకున్నారు, కార్గో వాళ్లకు వేరే రూల్ ఎందుకు, అందరికీ ఒకటే ఉండొచ్చు కదా అని. దర్యాప్తులో ఫస్ట్ ఆఫీసర్ తనకు దొరికిన ఖాళీ టైమ్‌ని నిద్రకు సరిగ్గా వాడుకోలేదని కూడా తేలింది, అది కూడా చెప్పుకోవాలి, రూల్ ఒక్కటే అన్నీ చేయలేదు. సంస్థ నిద్రకు వీలు ఇవ్వాలి, పైలట్ ఆ వీలును నిద్రకే వాడుకోవాలి.

ఈ మాటలు గుంతకల్లులో చెప్తే ఎవరూ కొత్తగా వినరు. అక్కడ సగం ఊరు రైల్వే, లోకో పైలట్ ఇంట్లో పుట్టినోళ్లకు రన్నింగ్ రూమ్ అంటే ఏంటో, సైన్ ఆన్ సైన్ ఆఫ్ అంటే ఏంటో చిన్నప్పుడే తెలుసు. అప్పట్లో కాల్ బాయ్ అర్ధరాత్రి సైకిల్ మీద వచ్చి తలుపు కొట్టి కాల్ బుక్ మీద సంతకం పెట్టించుకుని పోయేవాడు, ఇప్పుడు ఫోన్ వస్తుంది. ఆ ఇళ్లలో పగలు నాన్న పడుకున్నాడంటే కుక్కర్ కూడా పెట్టరు, పిల్లలు గుసగుసగా మాట్లాడతారు. పగటి నిద్ర రాత్రి నిద్రకంటే పొట్టిది, పల్చనిది, ఎండకు కిటికీకి దుప్పటి కట్టినా అంతే, వాళ్లకు అది అనుభవం. వరుసగా రెండు రాత్రుళ్లకు మించి డ్యూటీ వద్దు అని లోకో పైలట్ల సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నాయి. విమానాల్లో రెండు వరుస రాత్రుళ్ల లిమిట్ కొత్త రూల్స్‌లో ఉంది. గాల్లో ఉన్నవాడి ఒళ్లు, పట్టాల మీద ఉన్నవాడి ఒళ్లు ఒకటే కాబట్టి ఈ రెండు కోరికలనూ విడదీసి చూడటం సరికాదు.

రోస్టర్ వేసేవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీ, మర్నాడు తెల్లారిజాము డ్యూటీ, ఆ తర్వాత రాత్రి డ్యూటీ అని కలిపి కొట్టడం అన్నిటికంటే చెడ్డది, ఒళ్లు ఏ టైమ్‌కీ అలవాటు పడదు. డ్యూటీ టైమ్‌ని రోజురోజుకీ వెనక్కి జరపడం కంటే ముందుకు జరపడం, అంటే పొద్దున డ్యూటీ నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి రాత్రికి పోవడం ఒంటికి తేలిక. చివరి నిమిషంలో ఫోన్ చేసి డ్యూటీ మార్చితే ప్లాన్ చేసుకున్న నిద్ర మొత్తం పోతుంది, కాబట్టి రోస్టర్ ఎంత ముందుగా వచ్చి ఎంత తక్కువ మారితే అంత మేలు. ఏ డ్యూటీలో ఎంత అలసట రావచ్చో ముందే అంచనా వేసే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి, పైలట్ తన అలసటను ఒకటి నుంచి ఏడు దాకా మార్కు వేసుకునే సామ్-పెరెల్లీ స్కేల్ ఉంది. కొత్త రూల్స్ ప్రకారం ఎయిర్‌లైన్స్ మూడు నెలలకోసారి అలసట రిపోర్టులు డీజీసీఏకి ఇవ్వాలి. ఇవన్నీ పని చేయాలంటే ఒకటే షరతు, అలసిపోయాను అని రాసినవాడికి ఆ రాసినందుకు ఇబ్బంది రాకూడదు. ప్రమోషన్‌లోనో మంచి రూట్లలోనో తేడా చూపిస్తారని అనుమానం వస్తే చాలు, ఎవరూ రాయరు, రిపోర్టులో అంతా బాగుంది అనే ఉంటుంది.

ప్రయాణికుల వైపు నుంచి ఇది కంటికి కనిపించేది ఒకే ఒక్క సందర్భంలో. పొగమంచో ట్రాఫిక్కో, ఫ్లైట్ మూడు గంటలు లేటయింది, అందరూ ఎక్కి కూర్చున్నాక మైకులో చెప్తారు, క్రూ డ్యూటీ టైమ్ అయిపోయింది, వేరే క్రూ రావాలి అని. ఇక మొదలవుతుంది అరుపులు, పైలట్ దిగిపోయాడంట, పొగరంట, వీడియోలు తీసి పెట్టేస్తారు. ఆ పైలట్ చేసింది తన పనే, ఇంకో రెండు గంటలు లాగితే తెల్లారిజాము రన్‌వే ముందర తన కళ్లు ఎట్లుంటాయో తెలుసుకుని దిగాడు, దిగడానికే ఆ రూల్ ఉంది. అట్లా ఆలస్యాలు అవుతాయనే ప్రతి ఎయిర్‌లైన్ స్టాండ్‌బైలో కొంతమందిని పెట్టుకోవాలి, ఆ రాత్రి స్టాండ్‌బైలో ఎంతమంది ఉన్నారు, ఎందుకు చాలలేదు అని గట్టిగా అడగాల్సింది టికెట్ అమ్మిన కంపెనీని. గేటు దగ్గర నిలబడ్డ ఇరవై రెండేళ్ల గ్రౌండ్ స్టాఫ్ అమ్మాయినో, బ్యాగ్ లాక్కుంటూ క్యాబ్ వైపు పోతున్న ఆ పైలట్‌నో కాదు.